అసమాప్త సాధకుడు: రామదాసు రచనలలో ఆశ, ఓర్పు

భద్రాచల రామదాసు కథ ముగిసిన కథ. రామదాసు కవిత్వము ముగియని కవిత్వము. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును కొలుచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. కథను కవిత్వముపై కప్పి చదువుట మనకు అలవాటైనది. ఆ కప్పును తొలగించి చూచినచో తెలుగు భక్తి వాఙ్మయమున మిక్కిలి అరుదైన ఒక మనుష్యుడు కనబడునని నా విశ్వాసము. అతడు సిద్ధుడు కాడు, పతితుడును కాడు. నడుమ దారిలో నున్నవాడు. అచట నున్నానని ఎఱిగినవాడు.

కథ అందఱకును తెలిసినదే. ఖమ్మము మండలమునందలి నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించిన కంచెర్ల గోపన్న, గోలకొండలో మంత్రాంగము నెఱపిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. మేనమామల ప్రాపున పాల్వంచ పరగణాకు తహశీల్దారై, శిస్తుగా వసూలైన ద్రవ్యమును భద్రగిరిపై రామాలయ నిర్మాణమునకు వెచ్చించి, గోలకొండ కోటలో చెఱపడెను. పన్నెండేండ్ల పిమ్మట రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేళ్లతో వచ్చి ఆఱు లక్షల మొహరీలు చెల్లించి అతనిని విడిపించిరని జనశ్రుతి. చరిత్ర చెప్పునది ఇంతకంటె కొంచెము. తానీషా యని ప్రసిద్ధుడైన అబుల్ హసన్ కుతుబ్ షాహ 1672లో సింహాసన మెక్కెను. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. పన్నెండేండ్ల చెఱ ఈ పదునైదేండ్లలో ఇముడవలెను. దానిని తేల్చుట చరిత్రకారుల పని. సాహిత్య విద్యార్థికి గమనింపదగిన విషయము వేఱు. కథలో అప్పు తీరినది, చెఱ వీడినది, అంతయు శుభాంతమైనది. 1964లో నాగయ్య తీసిన చలనచిత్రమునకును, 2006లో వెలువడిన చలనచిత్రమునకును ఈ కథయే ఆధారము.

ఈ శుభాంతము కీర్తనలను చదువు తీరును సైతము నిర్ణయించినది. గీతలో సప్తమాధ్యాయమున చెప్పబడిన ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యను నలుతెఱగుల భక్తులను నాలుగు మెట్లుగా గ్రహించి, రామదాసు కీర్తనలను ఆ మెట్లపై పేర్చుట మన వ్యాఖ్యాన మార్గములలో నొకటి. మొదట మొఱ, తరువాత నిష్ఠురము, ఆపై పశ్చాత్తాపము, తుదకు సర్వమును రామమయముగా చూచు జ్ఞానము. వినుటకు సొంపుగ నున్నది. తరగతిలో బోధించుటకు మఱింత సొంపుగ నుండును. పరీక్షలో ప్రశ్న వేయుటకు ఇంతకంటె అనుకూలమైన క్రమము దొరకదు.

కాని ఈ క్రమమునకు ఆధారమెక్కడ? కీర్తనలకు రచనాకాలములు లేవు. ఏది చెఱలో పాడినది, ఏది చెఱకు ముందుది యని నిశ్చయించుటకు పెక్కింట లోపలి సాక్ష్యము సైతము లేదు. అవి నోటినుండి నోటికి వచ్చినవి. ముద్రిత ప్రతులలో కనబడు వరుస సంకలనకర్తలది, గోపన్నది కాదు. కవి ఎదుగుదలను చూపు మెట్లు మనము కట్టినవే యైనచో, ఆ మెట్లపై అతడెక్కినాడని చెప్పుట మన కోరికను చెప్పుటయే యగును. సాధకుడు తుదిమెట్టు చేరితీరవలెనని మనము కోరుచున్నాము. అతడు చేరకున్నను అతని కవిత్వము నిలుచునా యను ప్రశ్నను మనము వేయుట లేదు.

ఈ సందర్భమున గ్రంథస్థము కాని ఒక ఆచారమును పేర్కొనవలసియున్నది. ఖమ్మము మండలపు దక్షిణపు కొనలో, సత్తుపల్లికి చేరువ నున్న వేంసూరు మొదలుకొని భద్రాచలపు అడవుల వఱకు గల పల్లెలకు రాముడు ఇరుగుపొరుగు దేవుడు. నేలకొండపల్లి ఒక దిక్కున, భద్రగిరి మఱియొక దిక్కున నుండగా, ఈ గ్రామములు కవికిని దేవునికిని నడుమ నున్నవి. పరిపాలన మాత్రము ఆ రెంటిని చిరకాలము వేఱుచేసి యుంచినది. నేలకొండపల్లి నిజాము రాజ్యమున నుండగా భద్రాచలము మద్రాసు రాజధానిలో నుండెను; 1959లో గాని అది ఖమ్మము మండలమున చేరలేదు. 2016లో భద్రాద్రి కొత్తగూడెము ప్రత్యేక మండలముగా ఏర్పడినపుడు మరల వేఱుపడినది. వేంసూరు ఖమ్మముననే మిగిలినది. నవమికి పోవు యాత్రికునకు ఈ సరిహద్దులు పట్టలేదు. పాల్వంచ దాటి గోదావరి ఒడ్డునకు చేరి, 1965లో వంతెన ఏర్పడువఱకు పడవకొఱకు వేచి, ఆవలి గట్టున కొండను చూచుచు అతడు నిలిచెడివాడు. కొండ కనబడుచుండును, తాను చేరలేదు. రామదాసు కీర్తనలలో పెక్కింటి స్థితి యిదియే.

ఆ పల్లెల భజనలను గూర్చియే నేను చెప్పదలచినది. భజనలో కీర్తనలకు మెట్లవరుస యుండదు. గర్వముతో మాకు కొఱత యేమని పాడినవారే మఱునిమిషమున రాముని నిలదీయు కీర్తన నెత్తుకొందురు. దానివెంట దైన్యము, దాని వెంట మరల ఉత్సాహము. తుదకు మంగళము. మఱుసటి వారము అదంతయు మరల మొదలు. చదువరి దీనిని క్రమరాహిత్య మనుకొనవచ్చును. గోపన్న వాఙ్మయస్వభావమును గ్రంథ సంపాదకుల కంటె భజనపరులే చక్కగా పట్టుకొన్నారని నేను తలంచుచున్నాను. ఈ మాటకు ఉపపత్తి రచనలలోనే వెదకవలెను.

మొదట, లోకమున మిక్కిలి ప్రసిద్ధమై, పండితులను కొంత ఇబ్బంది పెట్టిన ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను చూతము. దీనిని సాధారణముగా నిందాస్తుతి యందురు. ఆ పేరు పెట్టి తప్పుకొనుట సులభము. కీర్తన శరీరమును పరిశీలించినచో అది నిందయు కాదు, స్తుతియు కాదు, లెక్క. సీతమ్మకు చింతాకు పతకము, భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము. ఒక్కొక్క నగయు వేఱు వేఱు పద్దు. కొన్నింటికి పట్టిన సొమ్ము, కొన్నింటి వెల చెల్లింపుమను తాకీదు. ఆ మీదట ఈ వైభవమునకు డబ్బు తండ్రి దశరథుడిచ్చెనా, మామ జనకుడు పంపెనా యను ప్రశ్న. ఇది జమాబందిలో రైతును నిలువబెట్టి అడుగు తహశీల్దారు గొంతు. అధికారి బాకీదారును ఎట్లు అడుగునో అట్లే అడిగినాడు. తేడా యొక్కటే, అడుగువాడు సంకెళ్లలో నున్నాడు.

భక్తుడు తన వృత్తిని గడప బయట విడిచివచ్చునని మనము భావింతుము. గోపన్న విడువలేదు. అతని భక్తికి లభించిన భాష కచేరీభాష. ఇది కవిత్వ దోషమని చెప్పువారితో నేను ఏకీభవింపను. మనస్సు మాఱుచున్న మనుష్యుడు పాత మాటలతోనే క్రొత్త సంగతిని చెప్పవలసివచ్చును. క్రొత్త మాటలు దొరకువఱకు మౌనముగా నుండెదననిన అతడు ఎన్నటికిని నోరు విప్పలేడు. వైరాగ్యము పరిపక్వమైన పిమ్మట పాడుదమని గోపన్న కూర్చుండి యుండినచో మనకు ఈ కీర్తన దక్కెడిది కాదు. పక్వము కాకమునుపే పాడినాడు. లెక్కలు వ్రాసిన చేయి లెక్కలు వ్రాయుచునే రాముని వైపు చాచినది.

కీర్తన తుదిలో అతడు తగ్గును. తగిలిన దెబ్బలకు తాళలేక తిట్టితినని చెప్పి క్షమ వేడును. మెట్ల సిద్ధాంతమువారు ఈ చరణమును చూపి, ఇదిగో పశ్చాత్తాపము, ఇచట భక్తుడు ఒక మెట్టు ఎక్కినాడందురు. శ్రద్ధగా చూడవలెను. అతడు క్షమాపణ చెప్పినది తిట్టినందులకు. లెక్కను మాత్రము రద్దు చేయలేదు. ఏ పద్దును కొట్టివేయలేదు. కోపము చల్లారినది, బాకీ నిలిచియున్నది. ఒకే కీర్తనలో, ఒకే గొంతులో, తగ్గిన అంశమును తగ్గని అంశమును ప్రక్కప్రక్కన నున్నవి. నిజమైన మనుష్యుని మార్పు ఇట్లే యుండును గాని, పాఠ్యగ్రంథములందలి మెట్లవలె నుండదు.

ఇచట ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. నగలకైన సొమ్ము వట్టి రామునిదా, గోపన్నదా, తానీషాదా యని కీర్తన అడుగును. నాలుగవవాడొకడున్నాడు. పాల్వంచ పరగణాలో పోడుకొట్టి, నాగలిపట్టి, శిస్తు కట్టిన రైతు. ఆ సొమ్ములో అతని చెమట యున్నది. ప్రసిద్ధములైన కీర్తనలలో అతని ప్రస్తావన నాకు కనబడలేదు. తిట్టినందులకు నొచ్చుకొన్న మనస్సు, ఖర్చును గూర్చి నొచ్చుకొన్నట్లు లేదు. ప్రజలు స్వయముగా విరాళములిచ్చిరనియు, అవి చాలకనే ఖజానా సొమ్ము వాడెననియు సంప్రదాయము చెప్పును. అది కొంత ఊరట. అయినను విమర్శకుడు దీనిని దాచరాదు. గోపన్న అసమాప్తుడనుటలో అతడెఱిగిన లోపములే గాక ఎఱుగని లోపములును చేరియున్నవి. తనకు తెలిసిన దోషమునకు ఓర్పు చూపుట ఒకటి. తెలియని దోషముతో ఎదురుచూచుట మఱియొకటి. రెండవది కనబడక సాగు నడక. దానికి ఆశ యొక్కటే తోడు.

ఇక ‘నను బ్రోవమని చెప్పవే’ యను కీర్తనము. రాముడు పలుకనపుడు గోపన్న సీతమ్మను ఆశ్రయించును. ఏకాంతమున నున్నపుడు తన మాట చెప్పుమని వేడును. పురుషకారమను వైష్ణవ సిద్ధాంతమునకు ఇది లక్ష్యమని పెద్దలు వ్యాఖ్యానించిరి. సరియే. పురుషకారమనగా శ్రీదేవి చేయు సిఫారసు. ఆచార్యులు దీనిని శాస్త్రముగా తీర్చిరి. కాని తహశీల్దారు గొంతు ఇచటను వినబడుచున్నది. అర్జీ పై అధికారి బల్లపై కదలక పడియున్నపుడు ఏమి చేయవలెనో అతనికి అనుభవముతో తెలియును. శాస్త్రము, లౌకికము ఒక్క పాటలో ఇట్లు కలిసిపోవుట అతని ప్రత్యేకత. నవ్వు వచ్చును, కన్నీరును వచ్చును.

‘పలుకే బంగారమాయెనా’ యను కీర్తనమును మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానమువలన ఎఱుగనివారు లేరు. దీనిలో గమనింపదగినది కవి చూపిన నిదర్శనములు. రాయి నాతియైన వృత్తాంతము ఒకటి. ఇసుకలో పొరలిన ఉడుతను రాముడు కరుణించిన వృత్తాంతము మఱియొకటి. ఉడుత కథ వాల్మీకమున లేదు. జనుల నోట పుట్టినది. సముద్రముపై సేతువు కట్టుచుండగా ఒడలికి అంటిన ఇసుక ఎన్ని రేణువులు? దానివలన సేతువు ఒక్క అంగుళమైన పెరిగెనా? పెరుగలేదు. ఉడుత సేతువును ముగింపలేదు, ముగింపగలనని అనుకొననులేదు. కొండలు మోసిన హనుమంతుని, నలుని విడిచి ఉడుతను సాక్ష్యముగా తెచ్చుటలో గోపన్న తన స్థానమును తానే నిర్ణయించుకొన్నాడు. అహల్యకును అట్టి యౌచిత్యమే కలదు. ఆమె చేయగలిగినది వేచియుండుట. ఈ రెండు నిదర్శనములలో ఒకదాన చిన్నపని యున్నది, ఒకదాన నిరీక్షణ యున్నది. రెంటను సిద్ధి లేదు. సిద్ధి వేఱొకరి చేతిలోనిది.

కీర్తనలను ఇంతటితో నిలిపి దాశరథీ శతకమునకు వత్తము. శతకము భావమున నిబంధము లేని రచనమని, పద్యమునకును పద్యమునకును పొత్తు లేదని లాక్షణికులు ఎప్పుడును చెప్పినదే. ఈ స్వతంత్రతను పలువురు లోపముగా పరిగణించిరి. కథ లేదు, వికాసము లేదు, నూఱవ పద్యమున కవి మొదటి పద్యముననున్నచోటనే యున్నాడని వారి ఆక్షేపణ. నేను ఈ ఆక్షేపణను యథాతథముగా అంగీకరించి, అదియే శతకము చేయు పని యని చెప్పుచున్నాను. ప్రతి పద్యమును క్రొత్తగా ఆరంభమగును. నాలుగు పాదములు నడచి, మకుటము కడకు చేరి, రాముని దయను పేరుపెట్టి పిలిచి ఆగును. మరల మొదలు. మొదటి పద్యమున పిలిచిన పిలుపు ఫలించియుండినచో రెండవ పద్యము అక్కఱలేదు. నూఱుమాఱులు పిలుచుటయనగా తొంబదితొమ్మిదిమాఱులు చాలలేదనుట. చాలలేదని తెలిసియు పిలుచుటయనగా ఆశ వదలలేదనుట. మకుట నియమము ఛందోవిశేషము మాత్రమే కాదు; ఓర్పునకు తెలుగువారు కల్పించిన పద్యరూపము. పురాణకథ వికాసమును చెప్పును. శతకము వికాసము కొఱకు వేచియుండుటను చెప్పును.

అట్టి పద్యములలో నొకటి ఈ వ్యాసమునకు ప్రాణము. కర్షకునకు నాగటికొనను నిధి దొరకినట్లు, దప్పిచే అల్లాడువానికి దేవనది నీరు లభించినట్లు, మలినమైన మనస్సుగల తనకు నీపై తలపు కలుగజేసితివని కవి రామునితో చెప్పు పద్యము. శతకమున పెక్కింటికంటె ఇది అలంకారాడంబరము తక్కువైన పద్యము. అందుచేతనే కాబోలు వ్యాఖ్యలలో దీనికి దక్కిన చోటు స్వల్పము. దీని వాక్యనిర్మాణమును నిదానముగా చూడవలెను. మనస్సు శుద్ధమైన తరువాత తలపు కలిగినదని కవి చెప్పలేదు. తలపు కలుగుటవలన మలినము పోయినదనియు చెప్పలేదు. మలినము మలినముగానే యున్నది. దానిలో తలపు మొలచినది. రెండును ఏకకాలమున నున్నవి. ఈ ఏకకాలత్వమును చెప్పగలిగినవాడు గొప్ప కవి. మనలో చాలమందికి అది తెలిసినది, చెప్పుట తెలియనిది.

ఉపమానము సైతము ఊరక వచ్చినది కాదు. కర్షకుడు నిధికొఱకు దున్నుట లేదు, పంటకొఱకు దున్నుచున్నాడు. నిధి దొరకుట అతని నేర్పు కాదు, అతని ప్రయత్న ఫలమును కాదు. అయినను దున్నని వానికి అది దొరకదు. ప్రయత్నమునకును కృపకును గల సంబంధమును గూర్చి వేదాంతులు పెక్కు గ్రంథములు వ్రాసిరి. మర్కట కిశోర న్యాయమనియు, మార్జాల కిశోర న్యాయమనియు శ్రీవైష్ణవులు రెండు తెగలైరి. పరగణా పొలములు తిరిగిన తహశీల్దారు నాగటికొనను చూపి ఊరకుండెను. ప్రసంగవశమున ఒక మాట. రాముని యిల్లాలు సైతము జనకుని నాగటికొననే దొరకినది. కవి దానిని ఉద్దేశించెనో లేదో చెప్పజాలము; తెలుగు పాఠకునకు మాత్రము ఆ స్ఫురణ రాకమానదు.

శతకారంభమున మఱియొక పద్యమున కవి, రేగుపండ్లకు ముత్యములు వెలపోసినట్లు తన కవిత్వమును దుష్టుల పాలు చేసి మోసపోతినని నొచ్చుకొని, ఇకపై తన నాలుకకు పవిత్రమైన వృత్తి సుకరముగ అబ్బునట్లు పద్యరంగమున నటింపుమని రాముని వేడును. నొచ్చుకొనినవాడు తాను, నటింపవలసినవాడు రాముడు. తప్పు తనది, దిద్దుబాటు ఇంకను రావలసినది. ఇది ముగిసిన మార్పు కాదు, కోరబడిన మార్పు.

ఇట్టి స్థితికి మన శాస్త్రమున ఆధారము లేకపోలేదు. గీతలో ఆఱవ అధ్యాయమున అర్జునుడు ఈ ప్రశ్ననే అడిగెను. శ్రద్ధ కలదు, ప్రయత్నము చాలదు, మనస్సు యోగమునుండి జాఱినది; అట్టివాని గతి యేమి? చెదరిన మేఘమువలె ఇహమునకును పరమునకును కాక నశించునా? కృష్ణుని సమాధానమున ఓదార్పు మాత్రమే గాక ఒక లెక్కయు నున్నది. మేలు చేసినవాడెవడును దుర్గతి పొందడు. యోగభ్రష్టుడు మరల పుట్టినచోట తాను విడిచినచోటినుండియే మొదలిడును. అనగా చేసినంత మేర చేసినట్లే. సున్న నుండి ఆరంభింపనక్కఱలేదు. సప్తమాధ్యాయపు నాలుగు మెట్లకంటె ఈ ఆఱవ అధ్యాయపు సమాధానమే రామదాసు రచనలకు సరియైన తాళపుచెవి యని నా అభిప్రాయము. మన వ్యాఖ్యానము ఒక్క అధ్యాయము ముందునకు దుమికినది.

ఇట్లు చెప్పుటలో ఒక ప్రమాదము కలదు. అసమాప్తతకు ఇంత గౌరవ మిచ్చినచో సోమరితనమునకు సమర్థన దొరకదా? నేనింతే, నన్ను నా దారిన విడువుమనువానికిని రామదాసునకును భేద మేమి? భేదము రచనలలోనే స్పష్టముగ నున్నది. సోమరికి కోపము రాదు. గోపన్న ఉన్నచోట కుదురుగా ఒక్క పాటయు పాడలేదు. అడిగినాడు, నిలదీసినాడు, అలిగినాడు, కాళ్లపై పడినాడు, మధ్యవర్తిని పంపినాడు. ఓర్పు అనగా కదలకుండుట యని మన వాడుకలో ఒక అపార్థము పాతుకొన్నది. రామదాసు ఓర్పు నిలుకడలేని ఓర్పు.

ధూర్జటితో పోల్చినచో ఈ గుణము తేటపడును. శ్రీకాళహస్తీశ్వర శతకమునను ఆవేదన కలదు, ఆత్మనింద కలదు. శిల్పమున అది దాశరథీ శతకము కంటె ఎత్తైనదని చెప్పుటకు నేను వెనుదీయను. కాని ధూర్జటి రాజసేవను ఏవగించుకొని దూరము జరిగి నిలిచి మాటలాడును. అతని మాట తీర్పువంటిది. గోపన్న రాజసేవలోనే దొరకిపోయినవాడు. అతడు తీర్పు చెప్పు పీఠమున లేడు, బోనులో నున్నాడు. తీర్పు చెప్పువానికి ఓర్పు అక్కఱలేదు.

ఆధునిక వాఙ్మయమునుండి ఒక్క ఉదాహరణము. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు తన లోపమును ఎఱిగినవాడే, గోపన్న కంటె సూక్ష్మముగా, నిర్దాక్షిణ్యముగా ఎఱిగినవాడు. ప్రశ్నలు వేసికొని వేసికొని, తుదకు శ్మశానమున ప్రాణములు విడిచెను. తెలుగు నవలలో ఆత్మపరీక్ష అంత లోతుగా సాగినవి కొలది. అయినను ఆ పరీక్ష అతనిని ఏల బ్రతికింపలేదు? అతనికి తిట్టుటకు ఎవరును లేరు. ప్రశ్నించువాడును తానే, బాకీదారును తానే, భటుడును తానే. గోపన్న చెఱసాలలో మఱియొకడున్నాడు. పలుకని వాడే కావచ్చును, కాని ఉన్నాడు. ‘పలుకవేమి’ యని అడుగుటకు వినువాడొకడున్నాడను నమ్మకము ముందు ఉండవలెను. ఆశ అనునది ఒంటరి మనస్సులోని ఒక భావము కాదనియు, అది సంబోధన విభక్తిలో నున్న క్రియ యనియు ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన విద్యార్థికి బోధపడగలదు. ఆ వినువాడు దేవుడే కానక్కఱలేదు. నాస్తికుడైన పాఠకుడు సైతము ఈ వ్యాకరణమును అంగీకరింపవచ్చును.

మరల కథకు వత్తము. జనశ్రుతిని సైతము జాగ్రత్తగా విన్నచో, మనము తలచినంత శుభాంతము కాదు. పెక్కు పాఠములలో రామలక్ష్మణులు కనబడినది తానీషాకు. గోపన్నకు దక్కినది రసీదు. ఏండ్లతరబడి పిలిచినవానికి కాక, పిలువనివానికి దర్శనమైనదని విని గోపన్న వలవల ఏడ్చెనని చెప్పుదురు. ఈ కల్పన చేసిన అజ్ఞాత జనకవి కీర్తనలను బాగుగా చదివినవాడు. అప్పు తీరినను కోరిక తీరనీయలేదు. విడుదల వేఱు, సిద్ధి వేఱు అని అతనికి తెలియును. మన చలనచిత్రములకు, కొన్ని పాఠ్యగ్రంథములకును తెలియదు.

త్యాగరాజు (1767–1847) కడకు వచ్చుసరికి గోపన్న తానే నిదర్శనమయ్యెను. ‘క్షీరసాగర శయన’ కృతిలో త్యాగయ్య, గజేంద్రుని, ద్రౌపదిని, సీతను రక్షించిన వృత్తాంతముల సరసన రామదాసు చెఱ విడిపించిన వృత్తాంతమును చేర్చి, వినియున్నాను గనుక నన్నును బ్రోవుమని వేడును. పురాణపాత్రల నడుమ, దాదాపు నూఱేండ్ల క్రిందట కచేరీలో కూర్చున్న ఒక ఉద్యోగి. గోపన్న ఉడుతను చూపి అడిగినాడు. త్యాగయ్య గోపన్నను చూపి అడిగినాడు. ఒకరి ముగియని మొఱ మఱియొకరికి ఆధారపత్రమైనది. ఆ కాలముననే గుంటూరు నుండి భద్రాచలమునకు వచ్చి స్వామి సేవలో జీవితమును గడపిన తూము నరసింహదాసు, గోపన్న విడిచిన పనిని మరల చేతికెత్తుకొన్నాడని చెప్పవచ్చును. ఆలయము కట్టించుటతో పని ముగియలేదు, నిత్యసేవలు నడువవలెను. అది వేఱొకరి జీవితమునకు పని యయ్యెను.

ఇంతవఱకు చెప్పినది నిలువవలెనన్నచో పరిశోధకులు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. కీర్తనల పాఠభేదములను సేకరించినవారు కలరు. రాగతాళములను నిర్ణయించినవారు కలరు. భజనలో ఏ కీర్తన వెంట ఏ కీర్తన పాడుదురో, ఏ చరణమును విడుతురో, ఏ చరణమును రెండుమాఱులందురో ఊరూర వ్రాసికొని క్రోడీకరించిన పట్టిక యేదియు మన విద్యార్థుల చేతికి రాలేదు. వేంసూరు, సత్తుపల్లి, దమ్మపేట, పాల్వంచ, నేలకొండపల్లి ప్రాంతములలో నవమి తొమ్మిది రాత్రులు కూర్చుండగల విద్యార్థి యొకడు దొరకినచో ఈ పని సాధ్యము. ముఖ్యముగా ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన ముగిసిన వెంటనే గాయకులు దేనిని ఎత్తుకొందురో చూడవలెను. క్షమాపణ చరణముతో ఆగి మంగళము పాడుదురా, లేక మరల పల్లవి నందుకొని లెక్క అడుగుదురా అనునది తేలవలసియున్నది.